వంటింటి ఖర్చు ఎవరి కోసం?

సంక్రాంతి ముందు ఇంటికి సున్నం వేయించేటప్పుడు మన ఇళ్లలో ఒక వరుస ఉంటుంది. ముందు వీధి గోడ, తరువాత చుట్టాలు కూర్చునే గది, ఆ తరువాత పడక గదులు. వంటింటి వంతు వచ్చేసరికి డబ్బాలో రంగూ, చేతిలో డబ్బూ రెండూ అడుగంటుతాయి. ‘ఇక్కడికెవరొస్తారులే, వచ్చే ఏడు చూద్దాం’ అని పనివాళ్లను పంపించేస్తాం. అలా పది పదిహేను సంక్రాంతులు గడిచాక ఆ గది ఇక భరించలేనట్టు కనిపిస్తుంది. అప్పుడు మాడ్యులర్ కిచెన్ చేసేవారిని పిలిచి కొలతలు తీయిస్తాం. వాళ్లు చెప్పే అంచనా లక్షల్లో ఉంటుంది. గుండె గుభేలుమంటుంది. ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టి, మళ్లీ ఆ వంటింట్లోనే వండుకుంటాం. మొత్తం పీకి కొత్తది కట్టించుకోవడం, లేకపోతే ఉన్నదాంతో సర్దుకుపోవడం, ఈ రెండు దారులే ఉన్నాయని మన నమ్మకం. వీటి నడుమ మరో దారి ఉంది. ఒక నెల ఇంటి అద్దెకు మించని ఖర్చుతో, రెండు మూడు ఆదివారాల పనితో పాత వంటింటిని చాలావరకు బాగుచేసుకోవచ్చు. కాకపోతే ఆ కాస్త డబ్బు దేని మీద పెట్టాలో ముందే తేల్చుకోవాలి. ఈ ప్రసంగంలో నా వాదన ఒక్కటే. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు దాన్ని చూసేవాళ్ల కంటి కోసం కాక వండేవాళ్ల ఒంటి కోసం ఖర్చుపెట్టాలి. ఆ లెక్కన నడిస్తే అందం కూడా చాలావరకు దాని వెంటే వస్తుంది.

ముందు ఆ గదిలో నిజంగా పాడైందేమిటో చూద్దాం. గట్టు మీద పరిచిన కడప బండో, గ్రానైటో ఇరవై ఏళ్లకు అరిగిపోదు. ఇటుక గోడ అలాగే ఉంటుంది. స్టీలు గిన్నెలు మనవళ్ల కాలం దాకా వస్తాయి. మరి ఆ గది అంత దిగాలుగా ఎందుకుంటుంది? తాలింపు వేసేటప్పుడు కాగిన నూనెలోంచి కంటికి ఆనని సన్నని తుంపరలు ఆవిరితో పాటు పైకి లేస్తాయి. అవి గోడకూ, అలమర తలుపులకూ, ఫ్యాను రెక్కలకూ, ట్యూబ్‌లైటుకూ అంటుకుంటాయి. గాలి, వేడి తగిలి ఆ నూనె కొన్నాళ్లకు బంకలా మారుతుంది. దుమ్మంతా దాని మీదే పేరుకుంటుంది. లైటు మీద జిడ్డు పడితే వెలుగు తగ్గుతుంది, గోడ మీద పడితే ఉన్న వెలుగును కూడా గోడ మింగేస్తుంది. సింకు కింద కారే నీరు పక్క గోడలోకి ఎక్కి, ఉప్పు పట్టి, పెచ్చులూడుతుంది. వాడనివీ వాడేవీ ఒకే గూట్లో చేరి చెయ్యి పెట్టే సందు ఉండదు. జిడ్డు, చీకటి, చెమ్మ, ఇరుకు. వంటిల్లు పాతబడిందని మనం అనేటప్పుడు నూటికి తొంభై పాళ్లు ఈ నాలుగింటి గురించే అంటున్నాం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ కొత్త తలుపులు బిగించినంత మాత్రాన పోదు. కారణాలు అలాగే ఉంటే, లక్షలు పోసి కట్టిన కొత్త వంటిల్లు కూడా కొన్నేళ్లలో ఇదే స్థితికి వస్తుంది.

వండే మనిషిని బట్టి వంటిల్లు కట్టాలన్న ఆలోచనకు ప్రపంచంలో పేరుపడ్డ ఉదాహరణ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత అక్కడ ఇళ్ల కరువు తీవ్రంగా ఉండేది. నగరపాలక సంస్థ కార్మికుల కోసం వేల సంఖ్యలో చిన్న ఇళ్లు కట్టించింది. వాటిలో వంటగదిని రూపొందించే పని 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టుకు వచ్చింది. ఆమెకు దక్కిన చోటు వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.44 మీటర్లు. అంటే ఆరున్నర చదరపు మీటర్లు. ఈ రోజుల్లో మన జాతీయ భవన నిర్మాణ నియమావళి వంటగదికి అడిగే కనీస వైశాల్యం 5 చదరపు మీటర్లు కాబట్టి, హైదరాబాదులోనో విజయవాడలోనో మామూలు అపార్టుమెంటు వంటిల్లు ఇంచుమించు ఆ కొలతలోనే ఉంటుందనుకోవచ్చు. అంత చిన్న చోట ఆమె ముందు అలంకారం జోలికి పోలేదు. ఏ పనికి ఎన్ని అడుగులు వేయాలి, చెయ్యి ఎంత దూరం చాచాలి అని కొలిచారు. కూర్చుని కూరగాయలు తరగడానికి కిటికీ దగ్గర బల్ల, తుక్కు పడేయడానికి ఆ బల్లలోనే ఒక సొరుగు, ముందుకూ వెనక్కీ జరుపుకోగల దీపం, ఉప్పూ పంచదారా బియ్యం వంటివాటికి పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు, అన్నీ చేతికందే చోట పెట్టారు. అటువంటి వంటిళ్లు దాదాపు పదివేలు కట్టారు. వందేళ్లయినా ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఇప్పటికీ దాని గురించి చదువుతున్నారంటే, ఖరీదైన సామగ్రి వాడినందుకు కాదు, వండే మనిషి కదలికను లెక్కలోకి తీసుకున్నందుకే.

ఆ వంటింటికీ లోపాలున్నాయి. ఒక్క మనిషి నిలబడేలా కట్టారు కాబట్టి రెండో మనిషి సాయానికి వచ్చే వీలు లేకుండా పోయిందనీ, ఇంటావిడను ఆ గదిలో ఒంటరిని చేసిందనీ తరువాతి తరాల స్త్రీవాదులు విమర్శించారు. ఆ విమర్శలో న్యాయముంది. ఇటువంటి పాఠమే మన దగ్గరా ఒకటుంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో పనిచేసిన ఎస్.పి. రాజు గారు 1950ల్లో పొగలేని పొయ్యి ఒకటి తయారుచేశారు. అదే మట్టి, అవే కట్టెలు. పొయ్యి లోపల మంట నడిచే దారిని మార్చి, చివర పొగగొట్టం పెట్టారు, అంతే. పేద ఇంటి ఆడవాళ్ల కళ్లనూ ఊపిరితిత్తులనూ చాలా తక్కువ ఖర్చుతో కాపాడవచ్చని ఆ ప్రయత్నం చూపించింది. ఆ తరువాత 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి దేశమంతటా పొయ్యిలు వేయించింది. కానీ వాటిలో చాలా పొయ్యిలు ఎంతోకాలం వాడుకలో లేవు. గొట్టంలో మసి పేరుకుంటే దులిపేవారు లేక కొన్నీ, ఇంట్లో వాడే గిన్నెలకు పొయ్యి కళ్లు సరిపోక కొన్నీ మూలపడ్డాయి. వండేవాళ్లను అడగకుండా, నిర్వహణ ఎలాగో ఆలోచించకుండా పెట్టిన ఖర్చు అది. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ, మన పల్లెల్లోనూ తేలిన విషయం ఒకటే. వంటింట్లో ఏం మార్చాలో చెప్పవలసింది అక్కడ నిలబడి పనిచేసే మనిషి. కాంట్రాక్టరు మాట, పక్కింటివాళ్ల మాట, టీవీలో చూసిన బొమ్మ అన్నీ ఆ తరువాతే.

ఆ మనిషిని అడగడమంటే ‘ఏం కావాలి?’ అని ఒక ప్రశ్న వేసి ఊరుకోవడం కాదు. ఏళ్ల తరబడి అలవాటైన ఇబ్బంది ఇబ్బందిగా అనిపించదు కాబట్టి వెంటనే జవాబు రాదు. ఒక పూట వంట మొదలుపెట్టినప్పటి నుంచి గట్టు తుడిచే దాకా పక్కనుండి చూస్తే తెలుస్తుంది. బియ్యం డబ్బా కోసం ఎన్నిసార్లు వంగారు, చింతపండు కోసం ఎన్నిసార్లు మునివేళ్ల మీద లేచారు, మిక్సీ పెట్టడానికి ఏ గిన్నె పక్కకు జరిపారు, వేడి కుక్కరు పట్టుకుని ఎటు తిరిగారు. మన పోపుల పెట్టెను గమనించండి. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిర్చి, పసుపు, అన్నీ ఒకే మూత కింద, పొయ్యికి జానెడు దూరంలో ఉంటాయి. నూనె కాగాక ఆగదు. ఆవాలు చిటపటమన్న మరుక్షణం మినప్పప్పు పడాలి. అందుకని ఆ పెట్టె అలా తయారైంది. ఏ ఇంజనీరూ గీసివ్వని ఆ అమరికలో ఉన్న సూత్రాన్ని గది మొత్తానికి వర్తింపజేస్తే చాలు. రోజూ వాడేవి నడుముకూ కంటికీ మధ్య ఎత్తులో ఉండాలి. వారానికోసారి తీసేవి కింది అరల్లో ఉండవచ్చు. సంవత్సరానికోసారి దింపే ఆవకాయ జాడీలు, పండగ గుండిగలు అటక మీదికి పోవాలి. తరచూ తీసే బరువైనదేదీ తలకు పైన ఉండకూడదు. ఈ సర్దుబాటుకు రూపాయి ఖర్చు కాదు. పైగా మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, పిడి ఊడిన పెనాలు, చుట్టాలు పెట్టిన స్టీలు గిన్నెల్లో అట్టపెట్టె కూడా విప్పనివి బయటపడతాయి. వాటిని పాత సామాన్లవాడికి ఇస్తే ఇరుకు సగం తీరుతుంది. చాలా ఇళ్లలో కొత్త అలమర కావాలన్న కోరిక ఆ పూటతోనే చల్లబడుతుంది.

ఇక డబ్బు తీయవలసిన చోటికి వద్దాం. మొదటి రూపాయి భద్రతకు పోవాలి. గ్యాసు స్టవ్వుకు వేసే నారింజ రంగు సురక్షా గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి. కంటికి బాగానే ఉన్నట్టు కనిపించినా లోపలి రబ్బరు గట్టిపడి, బిగించిన చోట నెర్రెలిస్తుంది. వంటగ్యాసు గాలి కంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుని మూలల్లో నిలుస్తుంది. సిలిండరు ఎప్పుడూ నిలువుగా ఉండాలి, స్టవ్వు దానికంటే ఎత్తులో ఉండాలి. సిలిండరును గట్టు కింద తలుపులేసి దాచే ఏర్పాటు చేస్తే, తలుపు అడుగున గాలి ఆడే కన్నాలు తప్పక ఉండాలి. అందం కోసం నాలుగు వైపులా మూసేసిన అలమరలో సిలిండరు పెడితే లీకైన గ్యాసు అక్కడే పోగవుతుంది. గ్యాసు వాసన వస్తే ఫోను చేయవలసిన నెంబరు 1906, దేశమంతటికీ అదే. దాన్ని చీటీ మీద రాసి తలుపుకు అతికించడానికి ఖర్చేమీ కాదు. లైటు పనికి ఎటూ ఎలక్ట్రీషియన్ వస్తాడు కాబట్టి సింకు పక్కనే వేలాడే ఎక్స్‌టెన్షన్ బాక్సును తీయించి, మిక్సీకీ గ్రైండరుకూ ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు గోడకే పెట్టించాలి. చుట్టాలకు కనిపించని ఖర్చు ఇది. వాయిదా వేయకూడనిది కూడా ఇదే.

రెండో ఖర్చు నీటి మీద. కారే కొళాయిని మనం ఒక చప్పుడుగా మాత్రమే పట్టించుకుంటాం. సెకనుకో చుక్క పడితే రోజుకు 86,400 చుక్కలు. చుక్క పరిమాణాన్ని బట్టి అది బిందెడు నీళ్ల దాకా ఉండవచ్చు. చాలాసార్లు లోపలి వాషరు మారిస్తే సరిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం సింకు కింద జరుగుతుంది. పైపు బిగింపు వదులై కారే నీరు అలమర అడుగు చెక్కను నాన్పుతుంది. పార్టికల్ బోర్డు అంటే చెక్క పొట్టును జిగురుతో ఒత్తి చేసినదే, అందుకని తడిస్తే అప్పంలా ఉబ్బుతుంది. ఆ చీకటి, చెమ్మ, మెతుకులు మూడూ కలిస్తే బొద్దింకలకు పండగే. ముందు పైపు సరిచేయాలి. తరువాత పుచ్చిన చెక్క తీసేసి, అక్కడ తలుపులే లేకుండా ఖాళీగా వదిలేసినా మంచిదే. గాలి ఆడుతుంది, చెత్తబుట్టకు చోటు దొరుకుతుంది, లీకు మొదలైన రోజే కంటపడుతుంది. చెక్కే వేయాలనుకుంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ ముక్క ఆ ఒక్క చోటికి కొనుక్కోవచ్చు. చెమ్మెక్కిన గోడ విషయంలోనూ ఇదే వరుస పాటించాలి. లీకు ఆపకుండా, గోడ ఆరకుండా దాని మీద ప్లాస్టిక్ పెయింటు వేస్తే మొదటి వానాకాలానికే పొక్కులు లేస్తాయి. ఉప్పు పట్టిన గారను గీకించి, ఎండాకాలంలో ఆరనిచ్చి, అప్పుడు రంగు గురించి ఆలోచించాలి.

మూడోది వెలుగు. నా దృష్టిలో, పెట్టిన రూపాయికి ఇంతకంటే ఎక్కువ ఫలితమిచ్చే మార్పు వంటింట్లో లేదు. మన వంటిళ్లలో ట్యూబ్‌లైటు సాధారణంగా గది మధ్యలోనో, వెనక గోడ మీదో ఉంటుంది. గట్టు దగ్గర నిలబడిన మనిషి వెన్ను దానివైపు తిరిగి ఉంటుంది. అందువల్ల ఆ మనిషి నీడే కత్తిపీట మీదా, బియ్యం చేట మీదా పడుతుంది. బియ్యంలో రాయి కనిపించాలన్నా, వేలు తెగకూడదన్నా కళ్లజోడు మారితే సరిపోదు, లైటు చోటు మారాలి. అటక అడుగునో, గట్టు పైనున్న అర అడుగునో ముందంచుకు ఒక ఎల్ఈడీ పట్టీ బిగిస్తే వెలుగు సరిగ్గా చేతుల మీద పడుతుంది. పాత రకం చోక్ ఉన్న 40 వాట్ల ట్యూబు స్థానంలో 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటన్ వేస్తే గదంతా అంతే వెలుగొస్తుంది, కరెంటు సగం కూడా కాలదు. కొన్ని వందల రూపాయల పని ఇది. లైటు మార్చేముందు కిటికీ చూడండి. అద్దం మీది జిడ్డు కడిగి, దోమల మెష్ మీది బూజు దులిపి, గూట్లో అడ్డంగా పేర్చిన సీసాలు తీసేస్తే పగలు లైటే అక్కర్లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

గాలి గురించి ఒక అపోహ ఉంది. ఖరీదైన చిమ్నీ పెట్టుకుంటే తప్ప పొగ పోదని. చిమ్నీ మంచిదే. కానీ దాని జల్లెడలు తరచూ కడగకపోతే అదే ఒక జిడ్డు పెట్టె అవుతుంది. గొట్టం బయటికి వేయకుండా గాలిని వడకట్టి మళ్లీ గదిలోకే వదిలే రకమైతే వేడీ ఆవిరీ ఎక్కడికీ పోవు. పొయ్యికి దగ్గర్లో, గోడ పైభాగాన పెట్టిన మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాను చాలా ఇళ్లకు సరిపోతుంది. దానికి ఒకే షరతు ఉంది. బయటికి ఎంత గాలి పోతుందో అంత గాలి లోపలికి రావాలి. తలుపులు, కిటికీలు బిగించి ఫ్యాను వేస్తే అది ఊరికే రొద చేస్తుంది. ఎదురు వైపు తలుపో కిటికీయో ఓరగా తెరవాలి. ఫ్యాను పక్కనే ఉన్న కిటికీ తెరిస్తే గాలి అక్కడే చుట్టు తిరిగిపోతుంది, పొయ్యి మీది పొగ కదలదు. తాలింపుకు ముందే ఫ్యాను వేసి, దించాక మరో పది నిమిషాలు ఉంచితే గోడకు పట్టే జిడ్డు తగ్గుతుంది. అంటే ఈ ఖర్చు మున్ముందు తోముడు పనిని కూడా తగ్గిస్తుంది.

శుభ్రం చేసే పని నాలుగోది. దీనికి డబ్బు కంటే తెలివిడి ఎక్కువ కావాలి. ముదిరిన జిడ్డు మామూలు సబ్బుకు లొంగదు. వేడినీళ్లలో చాకలి సోడా కలిపి, గుడ్డతో అద్ది, పది నిమిషాలు నాననిస్తే ఆ క్షారం జిడ్డును సబ్బులా మార్చి వదులు చేస్తుంది. చేతులకు గ్లౌజులు ఉండాలి. అల్యూమినియం గిన్నెలకు, కిటికీ ఫ్రేములకు మాత్రం అది తగలకూడదు, నల్లబడతాయి. కొళాయి మీద, సింకు అంచున పట్టిన తెల్లటి పొర జిడ్డు కాదు, బోరు నీళ్లలోని సున్నం. దానికి పులుపు కావాలి. నిమ్మచెక్కతో రుద్దితే కరుగుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. కొళాయికి పనికొచ్చిన నిమ్మరసం గట్టు బండకు కూడా పనికొస్తుందనుకుంటారు. కడప బండ, తాండూరు బండ, షాబాదు బండ మూడూ సున్నపురాళ్లే. పులుపు తగిలితే రాయే కరిగి, నునుపు పోయి, తెల్లటి మరక మిగులుతుంది. చింతపండు గిన్నె దింపిన చోట గుండ్రంగా కనిపించే మచ్చ అలా వచ్చినదే. అది మురికి కాదు, ఎంత తోమినా పోదు. గ్రానైటుకు ఆ భయం తక్కువ. కాబట్టి కడప గట్టును సబ్బునీళ్లతో కడిగి ఆరబెడితే చాలు. మరీ వెలిసిపోతే బండలకు పాలిష్ పట్టేవాళ్లను పిలిచి మళ్లీ నునుపు చేయించుకోవచ్చు, బండ మార్చనక్కర్లేదు. టైల్స్ మధ్య నల్లబడ్డ సందులను గీకి కొత్తగా గ్రౌట్ నింపితే పాత టైల్సే మళ్లీ కొత్తగా కనిపిస్తాయి. ఒక హెచ్చరిక. బ్లీచింగ్ ద్రావణాన్నీ, బాత్రూం కడిగే యాసిడ్‌నూ ఎప్పుడూ కలపకూడదు. దానిలోంచి వచ్చే క్లోరిన్ గాలి ఊపిరాడనివ్వదు.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. ‘ఇదంతా మరమ్మతుల జాబితా. అందం మాటేమిటి? రోజూ గంటల తరబడి నిలబడే చోటు కంటికి ఇంపుగా ఉండొద్దా?’ అని అడగవచ్చు. ఉండాలి. అందం అక్కర్లేదని నేను అనడం లేదు, దాని వంతు తరువాత వస్తుందని అంటున్నాను. కారణం చాలా మామూలుది. జిడ్డు పోని తలుపు మీద రంగు నిలవదు, చెమ్మ ఆరని గోడ మీదా నిలవదు, చీకటి గదిలో ఏ రంగు వేసినా కనిపించదు. పై పనులన్నీ అయ్యాక రంగు వేస్తే అది పదికాలాలు ఉంటుంది. పాత అలమర తలుపులను సోడానీళ్లతో తుడిచి, రెండు రోజులు ఆరనిచ్చి, గరుకు కాగితంతో పైమెరుపు పోయేదాకా రుద్ది, ప్రైమరు ఒక పూత, పల్చగా ఎనామిల్ రెండు పూతలు వేయాలి. చాలాసార్లు రంగు ఊడిపోయేది ఆ తుడవడం, రుద్దడం ఎగ్గొట్టినందుకే. గోడలకు లేత రంగు వేస్తే వెలుగు పెరుగుతుంది. పొయ్యి వెనక మాత్రం కడిగితే పోయే ఎనామిలో టైల్సో ఉండాలి. చివరగా పిడులు. తుప్పు పట్టిన పిడులు మార్చి, ఒకే రకమైనవి బిగిస్తే గది తీరు మారుతుంది. ఇంతకీ ఒక మాట గమనించండి. సామాను తగ్గి, గట్టు ఖాళీ అయి, వెలుగు పడ్డాక చాలామందికి రంగు అవసరం అంతగా కనిపించదు.

రెండో అభ్యంతరం డబ్బు తెలిసినవారిది. ‘అతుకులు వేసుకుంటూ పోతే చివరికి ఖర్చు రెండింతలవుతుంది. అప్పో సొప్పో చేసి ఒకేసారి మార్చేయడం నయం కదా?’ కొన్నిచోట్ల అది నిజమే. స్లాబు కారుతున్నా, గోడలోని పైపులు కుళ్లినా, వైరింగు కాలుతున్నా పైపై పని దండగ. అటువంటి ఇంట్లో ముందు ఆ పెద్ద పనే చేయించాలి. మిగతా ఇళ్ల సంగతి వేరు. పైన చెప్పినవాటిలో గ్యాసు గొట్టం, లైటు, ఫ్యాను, ప్లగ్గు, కొళాయి రేపు కొత్త వంటిల్లు కట్టినా అక్కరకొచ్చేవే, వృథా పోవు. పైగా సర్దుబాటుతో ఆరు నెలలు గడిపినవారికి తమకు ఎన్ని అరలు కావాలో, ఏ సొరుగు అక్కర్లేదో, మిక్సీ ఎక్కడుండాలో చేతి అనుభవం మీద తెలుస్తుంది. ఆ తరువాత వడ్రంగితో మాట్లాడితే కొలతలు మనం చెబుతాం, ఆయన అమ్మదలచుకున్నది మన నెత్తిన పడదు. ఒక ఉదాహరణ గట్టు ఎత్తు. ఐదడుగుల మనిషికి మోచేయి నేలకు సుమారు 38 అంగుళాల ఎత్తున ఉంటుంది. తరగడానికి, కలపడానికి గట్టు మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుగా ఉంటే భుజాలు లేవవు, నడుం వంగదు. కేటలాగులో ఉన్న 36 అంగుళాల గట్టు ఆ మనిషికి ఎత్తే. దాని మీద స్టవ్వు, స్టవ్వు మీద కుక్కరు పెడితే చెయ్యి భుజం దాకా లేవాలి. గట్టు పగలగొట్టక్కర్లేదు. కదలకుండా కూర్చునే వెడల్పాటి చెక్క వేదిక ఒకటి, మూడంగుళాల ఎత్తుది, కాళ్ల కింద వేస్తే సరిపోతుంది. కొత్తది కట్టించేనాటికి ఆ మూడంగుళాల లెక్క చేతిలో ఉంటుంది.

అద్దె ఇళ్లవారి సందేహం వేరు. ‘ఇల్లు మనది కాదు, ఖర్చు మనదా?’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. గోడకూ పైపులకూ సంబంధించిన పని ఇంటివారిది. చేరేముందే, అడ్వాన్సు ఇవ్వకముందే మాట్లాడుకుంటే వారూ ఒప్పుకుంటారు, చేరాక అడిగితే సాగదీస్తారు. ఎల్ఈడీ పట్టీ, డబ్బాలు, చెక్క వేదిక, గోడకు ఆనించి నిలబెట్టే ఇనుప స్టాండు ఇల్లు మారితే మనతోనే వస్తాయి. వాస్తు గురించి పట్టింపు ఉన్నవారికి కూడా ఇందులో ఇబ్బంది లేదు. ఆగ్నేయంలో ఉన్న పొయ్యిని ఎవరూ కదపడం లేదు.

అన్నింటికంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. ‘తక్కువ ఖర్చు అని మీరంటున్నది నిజానికి డబ్బు బదులు శ్రమ పెట్టడం. ఆ తోముడు, సర్దుడు, ఆ రుద్దుడు ఎవరి నెత్తిన పడతాయి? మళ్లీ ఇంటావిడ నెత్తినే కదా?’ దీనికి తేలిగ్గా జవాబు చెప్పి తప్పించుకోకూడదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసేవారిలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అంటే ఐదు గంటలకూ, గంటన్నరకూ ఉన్న తేడా. ఇప్పటికే ఐదు గంటలు పెడుతున్న మనిషి మీద మరో రెండు ఆదివారాలు వేస్తే, అది పొదుపు అనిపించుకోదు, దోపిడీ అనిపించుకుంటుంది. కనుక చిన్న బడ్జెట్ పని మొదలుపెట్టే ఇంట్లో ముందుగా తేలవలసింది పనివాటా. అటక మీది సామాను దించేది, సోడానీళ్లతో తలుపులు తుడిచేది, గరుకు కాగితం పట్టేది, ప్లంబరు వెంట తిరిగేది ఇంట్లోని మిగతావాళ్లు కావాలి. ఏది ఎక్కడ ఉండాలో చెప్పే హక్కు మాత్రం వండే మనిషిదే. డబ్బాల మీద పేర్లు రాసి అతికిస్తే ఇంకో లాభం ఉంది. ‘పంచదార ఎక్కడుంది?’ అన్న ప్రశ్న ఇక ఎవరూ అడగలేరు. వంట రానివాళ్లకు కూడా వంటింట్లోకి రాకుండా తప్పించుకునే సాకు ఒకటి తగ్గుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు చేసిన పొరపాటు ఇలా దిద్దుకోవచ్చు. రెండో మనిషి నిలబడే చోటు, ఆ మనిషికి తెలిసే అమరిక ఉండేలా చూసుకోవాలి.

కాబట్టి వరుస గుర్తుపెట్టుకోండి. ముందు గమనించడం, అక్కర్లేనివి తీసేయడం. తరువాత గ్యాసు, కరెంటు. తరువాత నీరు. ఆ మీద వెలుగు, గాలి. ఆపైన శుభ్రం. రంగు, పిడులు ఆఖర్న. డబ్బు ఎక్కడ అయిపోతే అక్కడ ఆపండి. వరుస తప్పకపోతే, ఆపినచోటి వరకు చేసిన పనంతా పనికొచ్చేదే అవుతుంది. తలకిందులుగా మొదలుపెట్టి ముందే రంగు వేయిస్తే, డబ్బు అయిపోయేనాటికి కారే కొళాయి, పాత గొట్టం అలాగే మిగులుతాయి. చేసిన ఖర్చు సరైనదేనా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష చాలు. పని పూర్తయిన నెల తరువాత వండే మనిషిని అడగండి, వంటింట్లోంచి ఇదివరకటి కంటే ముందు బయటికి వస్తున్నారా, నడుం నొప్పి తగ్గిందా అని. అవునంటే ఖర్చు ఫలించినట్టు. కాదంటే, చుట్టాలు ఎంత మెచ్చుకున్నా, ఇంకా చేయవలసిన పని ఉన్నట్టే.